గడ్డికి పట్టే మందు మనకు పట్టదా?

గడ్డి ఏదో, పంట ఏదో గడ్డి మందుకు ఎలా తెలుస్తుంది?

వేరుశనగ పండించే ఇళ్ళ నుంచి మా గోరంట్ల ప్రాంతపు బడులకు వచ్చే పిల్లలు తరచుగా అడిగే ప్రశ్న ఇది. "సార్, మా నాయన కొట్టిన మందుకు గడ్డి లేవలేదు. చెనిక్కాయ మాత్రం బాగా లేచింది. మందుకు ఎట్ల తెలుస్తాది?" అంటారు. మంచి ప్రశ్న. కానీ దీనికి పెద్దల దగ్గర దొరికే జవాబులు సాధారణంగా రెండే. మొదటిది: "అది గడ్డికి మాత్రమే పట్టే మందు. మనిషికి ఏమీ కాదు." రెండవది: "రసాయనం అంటేనే విషం. దాని జోలికే పోకూడదు."

ఈ రెండు జవాబులూ ఒకదానికొకటి వ్యతిరేకంగా కనిపిస్తాయి. నిజానికి రెండింటిలోనూ ఒకే లోపం ఉంది. రెండింటిలోనూ కారణం లేదు. కారణం చెప్పని జవాబు ధైర్యం ఇవ్వవచ్చు, భయం పెట్టవచ్చు, కానీ అది విజ్ఞానశాస్త్రం కాదు. ఇక్కడ కారణం మొక్క కణంలో ఉంది. దాని పేరు ట్యూబ్యులిన్. ఈ ప్రోటీను గురించి హైస్కూలు పిల్లలకు, అందులోనూ పొలాల మధ్య పెరిగే మన పిల్లలకు తప్పకుండా చెప్పాలని నా అభిప్రాయం. ఎందుకో వివరిస్తాను.

కణంలో ఒక పందిరి

పాఠ్యపుస్తకంలో మొక్క కణం బొమ్మ మీరందరూ గీసే ఉంటారు. నలుచదరపు గోడ, లోపల పెద్ద రిక్తిక, ఒక మూల కేంద్రకం, అక్కడక్కడ హరితరేణువులు. మిగిలిన చోటంతా కణద్రవ్యం అని చుక్కలు పెడతాం. ఆ చుక్కలు చూసి, కణం అంటే నీళ్ళు నింపిన సంచి అనుకుంటాం. అది సంచి కాదు. ఆ చుక్కల మధ్య సన్నని గొట్టాలు వేలకొద్దీ ఉంటాయి. వాటిని సూక్ష్మనాళికలు అంటారు.

మామూలు సూక్ష్మదర్శినిలో ఇవి కనిపించవు. ఒక్కొక్క నాళిక మందం సుమారు 25 నానోమీటర్లు. నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షలవ వంతు. మన తలవెంట్రుక అడ్డంగా నిండాలంటే ఇలాంటి నాళికలు సుమారు 3000 పక్కపక్కన పేర్చాలి! ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని వచ్చిన తర్వాత కూడా వీటిని మొక్కల్లో స్పష్టంగా చూడటానికి చాలా కాలం పట్టింది. కణాలను పరీక్షకు సిద్ధం చేసే ద్రావణాల్లోనే ఇవి చెదిరిపోయేవి. గ్లూటరాల్డిహైడ్ అనే రసాయనంతో కణాలను స్థిరపరిచే పద్ధతి వచ్చాక, 1963లో అమెరికాలో లెడ్‌బెటర్, పోర్టర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు మొక్క కణాల్లో ఈ నాళికలను స్పష్టంగా చూపించారు. నాళికలను కట్టే ప్రోటీనుకు ట్యూబ్యులిన్ అని పేరు పెట్టినవాడు జపాను శాస్త్రజ్ఞుడు మోహ్రి. అది 1968లో.

ట్యూబ్యులిన్ ఒంటరిగా ఉండదు, జంటగా ఉంటుంది. ఆల్ఫా ట్యూబ్యులిన్, బీటా ట్యూబ్యులిన్ అని రెండు రకాలు. ఒక్కొక్కటి సుమారు 450 అమైనో ఆమ్లాలు దండగా కూడి, మడత పడి ఏర్పడిన ముద్ద. ఈ రెండు ముద్దలూ ఒకదాని మీద ఒకటి అతుక్కొని ఒక జంట అవుతాయి. జంట పొడవు 8 నానోమీటర్లు. జంట మీద జంట నిలబడితే ఒక పోగు. అలాంటి పోగులు సాధారణంగా 13 గుండ్రంగా చేరితే ఒక నాళిక. మిల్లీమీటరులో వెయ్యో వంతు పొడవున్న నాళిక కట్టాలంటే ఒక్కొక్క పోగుకు 125 జంటలు, మొత్తం 13 పోగులకు 1625 జంటలు కావాలి. లెక్క మీరే వేసి చూసుకోండి.

ఇక్కడ ఒక విశేషం ఉంది. మా ఊరి మాధవరాయస్వామి గుడి రాతి స్తంభాలు నిలబెట్టిన చోట శతాబ్దాలుగా నిలిచే ఉన్నాయి. సూక్ష్మనాళిక అలాంటి స్తంభం కాదు. అది పెళ్ళి పందిరి గుంజ లాంటిది. ఈరోజు ఇక్కడ పాతుతారు, పని కాగానే పీకి, రేపు ఇంకో ఇంటి ముందు పాతుతారు. ట్యూబ్యులిన్ జంటలు నాళిక చివర చేరుతూ ఉంటాయి, విడిపోతూ ఉంటాయి.

దీనికి కారణం జీటీపీ అనే చిన్న అణువు. ప్రతి జంటలోని బీటా ముద్ద ఒక జీటీపీని పట్టుకొని వస్తుంది. జంట నాళికలో చేరిన కొద్దిసేపటికి ఆ జీటీపీ నుంచి ఒక ఫాస్ఫేటు ఊడి, అది జీడీపీగా మారుతుంది. నాళిక చివర కొత్తగా చేరిన జీటీపీ జంటలు టోపీలాగా ఉన్నంతసేపు నాళిక పెరుగుతుంది. ఆ టోపీ పోయిందా, పోగులు బయటికి విచ్చుకొని నాళిక చకచకా కూలిపోతుంది. ఇలా పెరుగుతూ హఠాత్తుగా కూలే గుణాన్ని 1984లో మిచిసన్, కిర్ష్నర్ అనే శాస్త్రజ్ఞులు వివరించారు. ఈ గుణాన్ని గుర్తు పెట్టుకోండి. గడ్డి మందు దెబ్బ కొట్టేది సరిగ్గా ఇక్కడే.

మొక్కకు దీంతో నాలుగు పనులు

జంతువులకూ ట్యూబ్యులిన్ ఉంది. మనకూ ఉంది. కానీ మొక్కకు దీనితో ఉన్న అవసరం వేరు. మొక్క కణం చుట్టూ గట్టి గోడ ఉంటుంది. అది కదిలి వేరే చోటికి పోలేదు. కాబట్టి ఎక్కడ పుట్టాలి, ఎటు సాగాలి అన్నది ముందే సరిగ్గా నిర్ణయం కావాలి. ఆ నిర్ణయంలో సూక్ష్మనాళికలకు నాలుగు పనులున్నాయి.

మొదటి పని, కణం ఎటు సాగాలో నిర్ణయించడం. కణత్వచం లోపలి అంచుకు ఆనుకొని నాళికలు కణం చుట్టూ అడ్డంగా, పీపాకు వేసిన ఇనుప పట్టీల్లాగా అమరి ఉంటాయి. గోడకు బలమిచ్చే సెల్యులోజు దారాలు ఈ పట్టీల వెంటనే పడతాయి. చుట్టూ పట్టీలు ఉన్న పీపా పక్కలకు ఉబ్బలేదు కదా! అలాగే నీటి ఒత్తిడికి ఆ కణం లావెక్కకుండా పొడవుగా మాత్రమే సాగుతుంది. 1962లో పాల్ గ్రీన్ అనే శాస్త్రజ్ఞుడు నైటెల్లా అనే నీటి మొక్క మీద పరిశోధించి, సెల్యులోజుకు దారి చూపే ప్రోటీను పోగులు ఏవో ఉండాలని ఊహించాడు. మరుసటి ఏడే లెడ్‌బెటర్, పోర్టర్‌ల చిత్రాల్లో ఆ పోగులు కనిపించాయి. ఆ తర్వాత 43 ఏళ్ళకు, అంటే 2006లో, పరేదెజ్, సోమర్‌విల్, ఎర్‌హార్ట్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు సెల్యులోజును తయారుచేసే ఎంజైములకు వెలుగునిచ్చే ప్రోటీను తగిలించి, అవి సూక్ష్మనాళికల వెంట పట్టాల మీద రైలులా నడవడం సజీవ కణంలోనే చూశారు. వాటి వేగం నిమిషానికి సుమారు 300 నానోమీటర్లు.

రెండవ పని, హద్దు గీయడం. ఇల్లు కట్టే ముందు మేస్త్రీ నేల మీద ముగ్గు పోస్తాడు. గోడ ఎక్కడ రావాలో ఆ ముగ్గు చెబుతుంది. పునాది తవ్వగానే ముగ్గు పోతుంది. మొక్క కణం విభజనకు ముందు సూక్ష్మనాళికలు ఒక వలయంగా గుమికూడి, కొత్త గోడ పాత గోడను ఎక్కడ తాకాలో గుర్తు పెడతాయి. తర్వాత ఆ వలయం మాయమవుతుంది. ఈ వలయం జంతు కణాల్లో లేదు.

మూడవ పని, క్రోమోజోములను పంచడం. సమవిభజన పాఠంలో కండె పోగులు అని మీరు చదివినవి ఈ సూక్ష్మనాళికలే. కండె అన్న మాట మగ్గం నుంచి వచ్చింది. ధర్మవరం వైపు పిల్లలకు కండె ఏమిటో నేను చెప్పనక్కరలేదు. నడుమ లావుగా, రెండు కొనలు సన్నగా ఉండే ఆ ఆకారాన్ని బట్టి ఆ పేరు పెట్టారు. జంతు కణాల్లో కండె కొనల దగ్గర సెంట్రియోలులు ఉంటాయి. పూలు పూసే మొక్కల్లో అవి లేవు. అవి లేకుండానే మొక్క కండె కడుతుంది.

నాలుగవ పని, కొత్త గోడ కట్టడం. క్రోమోజోములు రెండు వైపులకు చేరగానే నాళికలు మళ్ళీ నడుమ చేరి, గోడ సామగ్రి ఉన్న చిన్న చిన్న తిత్తులను అక్కడికి చేరుస్తాయి. అవి కలిసి కణఫలకం అవుతుంది. ముందు ముగ్గు పోసిన చోటికి అది చేరి పాత గోడకు అతుక్కుంటుంది.

ఒకే సామగ్రితో నాలుగు పందిళ్ళు! ఒకటి విప్పితేనే ఇంకొకటి కట్టగలరు. మన నేలలో ఇది ఎంత ముఖ్యమో ఆలోచించండి. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదికి కురిసే వాన సగటున సుమారు 550 మిల్లీమీటర్లు. 2022లో జిల్లా రెండై, గోరంట్ల శ్రీ సత్యసాయి జిల్లాలో చేరింది గానీ వాన మాత్రం పెరగలేదు. తొలకరికి తడిసిన ఎర్రనేల పై అంగుళం కొద్ది రోజుల్లోనే ఆరిపోతుంది. ఈలోగా మొలక వేరు కింది తడిని అందుకోవాలి. అంటే వేరు కొనలో కణాలు త్వరగా విభజన చెందాలి, పొడవుగా సాగాలి. ఈ రెండు పనులూ ట్యూబ్యులిన్ లేకుండా జరగవు. గడ్డి మొలకకైనా అంతే, చెనిక్కాయ మొలకకైనా అంతే.

మందు ఎక్కడ దెబ్బ కొడుతుంది?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. విత్తిన ఒకటి రెండు రోజుల్లో తడి నేల మీద చల్లే పెండిమిథాలిన్ నారింజ కలిసిన పసుపు రంగు మందు. చేతికి అంటితే మరక సులభంగా పోదు. ఇది మొలకలోకి పోయి ట్యూబ్యులిన్ జంటను పట్టుకుంటుంది. మందు పట్టిన జంట నాళికలో సరిగ్గా చేరలేదు. పాత నాళికలు తమ స్వభావం కొద్దీ కూలుతూ ఉంటాయి, కొత్తవి పుట్టవు. కొద్ది గంటల్లో పందిళ్ళన్నీ పోతాయి.

అప్పుడేమవుతుంది? కండె లేక క్రోమోజోములు పంచుకోబడవు. కణఫలకం సరిగా రాదు. పట్టీలు ఊడిన పీపాలాగా కణం అన్ని వైపులా ఉబ్బుతుంది. సన్నగా పొడవుగా పోవలసిన వేరు, కొన దగ్గర గదలాగా లావై ఆగిపోతుంది. అలాంటి వేరు కింది తడిని అందుకోలేదు. గడ్డి మొలక మన్ను దాటకముందే, లేదా దాటిన వెంటనే చచ్చిపోతుంది. మందు గడ్డిని కాల్చలేదు, కొయ్యలేదు. దాని కణంలో పందిరి వేయనివ్వలేదు, అంతే!

మరి చెనిక్కాయ ఎందుకు బతికింది? దాని ట్యూబ్యులిన్ వేరా? చాలామంది అలాగే అనుకుంటారు. అసలు కారణం చాలావరకు లోతు. పెండిమిథాలిన్ నీటిలో అతి తక్కువగా కరుగుతుంది, మట్టి రేణువులను అంటిపెట్టుకొని నేల పైపొరలోనే ఉండిపోతుంది. సన్నని గడ్డి విత్తనాలు మొలిచేది ఆ పొరలోనే. చెనిక్కాయ గింజ పెద్దది. సుమారు 5 సెంటీమీటర్ల లోతున పడుతుంది. దాని వేరు మందు పొర కింద పుట్టి ఇంకా కిందికి పోతుంది. కాబట్టి మందు పంటను గుర్తుపట్టి వదిలిపెట్టలేదు. మందు ఒక చోట ఉంది, పంట వేరు ఇంకొక చోట ఉంది. గింజ మరీ పైపైన పడినా, మోతాదు మించినా చెనిక్కాయ వేరుకు కూడా దెబ్బ తగలవచ్చు. మందు డబ్బా మీద మోతాదు, సమయం ఎందుకు రాస్తారో ఇప్పుడు అర్థమైంది కదా!

ఎవరి ట్యూబ్యులిన్ ఎవరిది?

మనిషి సంగతి వేరు. మొక్కల ట్యూబ్యులిన్, జంతువుల ట్యూబ్యులిన్ చాలావరకు ఒకటే. అమైనో ఆమ్లాల వరుసను పోల్చి చూస్తే నూటికి 80కి పైగా కలుస్తాయి. కలవని ఆ కొద్ది చోట్లే మందుకూ విషానికీ తేడా చూపుతాయి. పెండిమిథాలిన్ మొక్కల ట్యూబ్యులిన్‌ను గట్టిగా పట్టుకుంటుంది, జంతువులదాన్ని అలా పట్టుకోలేదు. అడవి నాభి దుంపల్లో ఉండే కోల్చిసిన్ ఇందుకు తలకిందులు. జంతువుల ట్యూబ్యులిన్‌ను అతి కొద్ది మోతాదులోనే పడుతుంది. మొక్కల మీద పని చేయాలంటే దాన్ని వందల రెట్లు ఎక్కువగా వాడాలి. 1937 నుంచి వృక్ష శాస్త్రజ్ఞులు మొక్కల క్రోమోజోములను రెట్టింపు చేయడానికి వాడుతున్నది ఈ కోల్చిసిన్‌నే.

మన చుట్టూ ఇలాంటివి ఇంకా ఉన్నాయి. నులిపురుగుల నివారణ దినాన బడిలో మీరు నమిలి మింగే ఆల్బెండజోల్ మాత్ర పురుగుల బీటా ట్యూబ్యులిన్‌ను పడుతుంది. 2015లో మొదలైన ఈ కార్యక్రమం తర్వాత దేశమంతటికీ విస్తరించింది. గొర్రెలకు తాగించే నట్టల మందుల్లో కూడా ఇదే ఒకటి. చెనిక్కాయకు తిక్కా ఆకుమచ్చ తెగులు వస్తే చల్లే కార్బెండజిమ్ దీని దగ్గరి బంధువే. అది పట్టేది శిలీంద్రపు ట్యూబ్యులిన్‌ను. సమాధుల దగ్గర, ఇళ్ళ ముందు నీళ్ళు లేకపోయినా పూసే బిళ్ళగన్నేరు మడగాస్కర్ దీవి నుంచి వచ్చిన మొక్క. దాని ఆకుల నుంచి 1958లో కెనడా శాస్త్రజ్ఞులు నోబుల్, బీర్ విన్‌బ్లాస్టిన్ అనే పదార్థాన్ని వేరు చేశారు. దాని తోబుట్టువు విన్‌క్రిస్టిన్ పిల్లలకు వచ్చే రక్త క్యాన్సరుకు ఈనాటికీ ముఖ్యమైన మందు. అవి పట్టేది మన ట్యూబ్యులిన్‌నే. అందుకే క్యాన్సరు కణాల విభజన ఆగుతుంది. అందుకే చేతులూ కాళ్ళూ తిమ్మిరెక్కడం లాంటి బాధలు కూడా వస్తాయి. నరాల కణాల్లో పొడవైన నాళికలు ఉంటాయి కదా!

మన తెలుగులో వీటన్నిటికీ ఒకటే మాట, మందు. గడ్డి మందు, పురుగుల మందు, తెగులు మందు, నట్టల మందు, ఆసుపత్రి మందు. మాట ఒకటే కావడం వల్ల మనం అడగవలసిన ప్రశ్న మరిచిపోతున్నాం. ఇది ఎవరి కణంలో, దేన్ని పడుతుంది? ఎంత గట్టిగా పడుతుంది?

మొదటి జవాబు ఎందుకు తప్పు?

"గడ్డికే పడుతుంది, మనకేమీ కాదు" అన్న జవాబు మూడు విధాల తప్పు.

ఒకటి. పట్టడం, పట్టకపోవడం అన్నది తలుపు వేయడం, తీయడం లాంటిది కాదు. అది తరతమ భేదం. కార్బెండజిమ్ శిలీంద్రాల కోసం చేసిందే. కానీ ఎలుకలకు ఎక్కువ మోతాదులో ఇచ్చి చూసినప్పుడు వాటి సంతాన శక్తి దెబ్బతిన్నది. ఆల్బెండజోల్ ఎంతో మేలు చేసే మాత్ర, కానీ గర్భిణులకు మొదటి మూడు నెలల్లో ఇవ్వరు.

రెండు. ఒక రసాయనం మన ట్యూబ్యులిన్‌ను పట్టకపోయినా ఇంకో దారిలో హాని చేయవచ్చు. పెండిమిథాలిన్ కంటికి, చర్మానికి మంట పుట్టించగలదు. చేపలకు అది తీవ్రమైన విషం. మందు కొట్టిన పంపును చెరువులోనో కుంటలోనో కడిగితే, గడ్డి కోసం తెచ్చినది చేపల మీద పడుతుంది. 2020లో కేంద్ర ప్రభుత్వం 27 పురుగు మందులను నిషేధించాలని ప్రతిపాదించినప్పుడు ఆ జాబితాలో పెండిమిథాలిన్, కార్బెండజిమ్ రెండూ ఉన్నాయి. తర్వాత 2023లో వచ్చిన తుది ఉత్తర్వులో వీటిని నిషేధించలేదు. నిషేధించనంత మాత్రాన ఉత్త చేతులతో కలపమని అర్థం కాదు.

మూడవది అన్నిటికంటే ముఖ్యం. ఈ రోజు గడ్డికి పట్టే మందు రేపు గడ్డికి కూడా పట్టకపోవచ్చు. రాగికి దాయాది అయిన ఎల్యుసైన్ ఇండికా అనే గడ్డి అమెరికాలో పత్తి పొలాల్లో ఈ జాతి మందులకు లొంగకుండా పోయింది. కారణం వెతికితే 1998లో తేలింది. దాని ఆల్ఫా ట్యూబ్యులిన్‌లో 239వ స్థానంలో థ్రియోనిన్ ఉండవలసిన చోట ఐసోల్యూసిన్ ఉంది. 450 అమైనో ఆమ్లాల్లో మారింది ఒక్కటి! మన కొర్రకు పూర్వీకురాలైన సెటేరియా విరిడిస్ అనే గడ్డి కెనడాలో ఇలాగే లొంగకుండా పోయింది. అక్కడ కూడా అదే 239వ స్థానం మార్పు కనిపించింది. గొర్రెల కడుపులో రక్తం పీల్చే నట్టల్లో బీటా ట్యూబ్యులిన్ 200వ స్థానంలో ఫినైల్ అలనిన్ బదులు టైరోసిన్ వస్తే నట్టల మందు పనిచేయదు.

మందు ఈ మార్పును పుట్టించలేదు. లక్షల మొలకల్లో ఎక్కడో ఒకదానిలో అది తనంత తాను వచ్చింది. ప్రతి ఏడూ అదే పొలంలో అదే మందు కొడితే మిగిలిన గడ్డంతా చచ్చి, ఆ ఒక్కదానికి పొలమంతా ఖాళీ చేసి ఇచ్చినట్లవుతుంది. అది విత్తనాలు రాలుస్తుంది. కొన్నేళ్ళకు పొలమంతా దాని సంతానమే. జీవపరిణామ పాఠంలో ప్రకృతివరణం అని చదివేది ఇదే. దాన్ని మన చేలోనే మనం నడిపిస్తున్నాం.

అలాగని ఆ మార్పు మొక్కకు ఎప్పుడూ లాభమే అనుకోవద్దు. 2002లో జపాను శాస్త్రజ్ఞులు ఆల్ఫా ట్యూబ్యులిన్‌లో ఒకే అమైనో ఆమ్లం మారిన మొక్కలను వర్ణించారు. వాటి వేళ్ళు, కాండాలు నిటారుగా పోక ఎడమవైపు మెలి తిరిగాయి. ట్యూబ్యులిన్‌లో ఒక అక్షరం మారితే మొక్క రూపమే మారవచ్చు.

రెండవ జవాబు కూడా చాలదు

"రసాయనాల జోలికే పోవద్దు" అనేవారి భయాన్ని నేను తేలికగా తీసుకోను. కానీ ఆ మాట చెప్పి ఊరుకుంటే రైతు పని జరగదు. మా వైపు కలుపు తీసే రోజుల్లో కూలీలు దొరకడం కష్టం. ఎందరో బెంగుళూరు పనులకు పోతారు. వాన పడ్డ నాలుగు రోజుల్లోనే విత్తాలి. తర్వాత గుంటక తోలాలన్నా, కలుపు తీయాలన్నా నేల పదును చూసుకోవాలి. ఈ తొందరలో ఒక్కసారి గడ్డి మందు కొట్టే రైతును తప్పుపట్టడం సులభం, ఆయన కష్టం తీర్చడం కష్టం. పైగా బిళ్ళగన్నేరు మందు కూడా రసాయనమే. అది లేకపోతే ఎందరో పిల్లలు బతికేవారు కారు.

కాబట్టి నేను కోరేది నిషేధమూ కాదు, గుడ్డి నమ్మకమూ కాదు. తెలిసి వాడటం. తెలిస్తే రైతు ఏటా ఒకే జాతి మందు కొట్టడు. ఒక ఏడు మందు, ఒక ఏడు గుంటక, చేతి కలుపు. చెనిక్కాయ తర్వాత జొన్న, కొర్ర, కంది. మందు దెబ్బకు తప్పించుకున్న గడ్డి పది మొక్కలే ఉన్నా, అవి విత్తు రాల్చకముందే చేత్తో పీకేస్తాడు. ఆ పది మొక్కల విలువ ట్యూబ్యులిన్ కథ తెలిసినవాడికే తెలుస్తుంది.

బడి చేయవలసినది

"ఇవన్నీ కాలేజీ చదువులు, హైస్కూలు పిల్లలకెందుకు?" అని నాతోటి ఉపాధ్యాయులు కొందరు అంటారు. నా జవాబు ఇది. మా పిల్లల్లో ఎందరో కాలేజీలో జీవశాస్త్రం చదవరు. కానీ వారిలో చాలామంది చేలో మందు కలుపుతారు, గొర్రెలకు నట్టల మందు తాగిస్తారు, రేపు తమ బిడ్డలకు మాత్రలు ఇస్తారు. ట్యూబ్యులిన్ వారి జీవితంలో ఇప్పటికే ఉంది. లేనిది పాఠంలోనే.

ఇందుకు పాఠం పెంచనక్కరలేదు. సమవిభజన బొమ్మలో కండె పోగులు గీసేటప్పుడు, "ఈ పోగులు వేటితో కట్టారు? వీటిని కట్టనివ్వకపోతే ఏమవుతుంది?" అని రెండు ప్రశ్నలు అడిగితే చాలు. ఒక్కసారి పొలం తరగతి గదిలోకి వస్తుంది.

పిల్లలూ, మీరు మూడు పనులు చేయండి. మందుల జోలికి మాత్రం పోవద్దు. డబ్బాలు ముట్టుకోవద్దు.

మొదటిది, ఒక నాళిక చేయండి. రెండు రంగుల పూసలు తీసుకొని ఒకటి విడిచి ఒకటి గుచ్చి సమానమైన 13 దండలు చేయండి. ఒక కర్ర చుట్టూ నిలువుగా పక్కపక్కన అతికించి, కర్రను మెల్లగా బయటికి లాగండి. మిగిలినది సూక్ష్మనాళిక నమూనా. ఒక రంగు ఆల్ఫా, ఇంకొక రంగు బీటా.

రెండవది, చెనిక్కాయ గింజలు నాలుగు, రాగి గింజలు కొన్ని రెండు డబ్బాల మట్టిలో వేయండి. చెనిక్కాయను 5 సెంటీమీటర్ల లోతున, రాగిని పైపైన. రోజూ ఒక్కొక్కటి పీకి వేరు ఎక్కడ పుట్టింది, ఎంత దూరం పోయింది కొలిచి రాయండి. లోతు ఎంత ముఖ్యమో కంటికి కనిపిస్తుంది.

మూడవది, ఇంట్లో పెద్దలు మందు కొనేటప్పుడు డబ్బా మీద రాసినది చదివి వినిపించండి. అక్కడ కోణం మీద నిలబెట్టిన చతురస్రం ఒకటి ఉంటుంది. దాని కింది సగంలో ఉన్న రంగు చూడండి. ఎరుపు అన్నిటికంటే ప్రమాదకరం. తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ అంటే ప్రమాదం తక్కువని, లేదని కాదు. పోయిన ఏడు కొట్టిన మందు పేరు కూడా అడిగి ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. మూడేళ్ళు వరుసగా అదే పేరు వస్తే ఆ సంగతి నాయనకు చెప్పండి. ఎందుకని ఆయన అడిగితే, 239వ స్థానం కథ చెప్పండి.